మూడోసారి వచ్చిన బండి

వీరబ్రహ్మం గారి షెడ్డుకి బోర్డు లేదు. ఒకప్పుడు ఉండేదట. గాలివానకి ఎగిరి కాలవలో పడి లొల్ల లాకుల దాకా కొట్టుకుపోయిందట. ఎవరో తీసుకొచ్చి ఇస్తే దాన్ని తిరగేసి, దాని మీద స్పానర్లు పరుచుకున్నారు. "నాకోసం వచ్చేవాడికి బోర్డెందుకండీ" అన్నది ఆయన వాదన. నిజమే. ఆత్రేయపురం వచ్చేవాళ్లలో నూటికి తొంభై తొమ్మిది మంది పూతరేకుల కోసం వస్తారు. మిగిలిన ఆ ఒక్కడికీ దారి ముందే తెలుసు.

ఆయనకి అరవై రెండేళ్లు. చెయ్యి వణుకుతుంది కాబట్టి ఇంజను విప్పరు. చూపు ఆనదు కాబట్టి వైరింగు ముట్టుకోరు. పంక్చరు వెయ్యమంటే అవమానం. కొత్త బళ్లయితే ఆయన దృష్టిలో అసలు బళ్లే కావు, చక్రాలున్న సెల్‌ఫోన్లు. ఇవన్నీ తీసేయగా మిగిలింది ఒక్కటే విద్య, పాత కార్బ్యురేటర్ బళ్లకి ఐడిలింగ్ పెట్టడం. అంటే బండిని నిలబెట్టి యాక్సిలరేటర్ వదిలేసినా ఇంజను ఆగిపోకుండా, ఊగిపోకుండా, ఒకే తీరున కొట్టుకునేలా చూడటం. ఈ పనిలో మండలం మొత్తానికి తనని మించినవాడు లేడని ఆయనే చెబుతారు. ఎవరూ కాదనరు. మండలంలో ఆ పని చేసేవాడు ఇంకొకడు లేడు కదా.

ఆ తతంగం చూడ్డానికే పక్కన చంద్రరావు టీ కొట్టు దగ్గర నలుగురు కూర్చుంటారు. ఆ నలుగురిలో నేనొకణ్ణి. బండి రాగానే ఆయన ముందు పెట్రోలు ట్యాంకు మూత తీసి వాసన చూస్తారు. కల్తీ ఉందో లేదో ముక్కుతోనే తేల్చేస్తారు. మూత పెట్టేసి బండి స్టార్ట్ చేస్తారు. చెక్క పిడి ఉన్న పొడుగాటి స్క్రూడ్రైవర్ కొస ఇంజనుకి ఆనించి, పిడి చెవికి ఆనించుకుని కళ్లు మూసుకుంటారు. అప్పుడిక ఎవరూ మాట్లాడకూడదు. చంద్రరావు గ్లాసులు కడగటం ఆపేయాలి. కార్బ్యురేటర్ పక్కనున్న చిన్న స్క్రూ పావు వంతు తిప్పి వింటారు, అందులో సగం వెనక్కి తిప్పి మళ్లీ వింటారు. మధ్యలో ఎవరైనా తుమ్మితే మొదటి నుంచి మొదలుపెడతారు.

పనయ్యాక గుడి దాకా ఒక రౌండు కొట్టి వస్తారు. ఆఖర్న ట్యాంకు మూత మీద తాళం పక్కన బొటనవేలితో ఎర్రటి బొట్టు పెట్టి, "ఇంక వెళ్లండి" అంటారు. ఆ బొట్టు ఆయన సంతకం. పోయినేడాది వానాకాలం నుంచి అది వానకి కూడా చెరగట్లేదని ఆయనకి మహా గర్వం. షోరూం వాళ్ల స్టిక్కర్లు నెలకే ఊడిపోతాయి, బ్రహ్మం గారి బొట్టు మాత్రం బండి ఉన్నంతకాలం ఉంటుంది.

ఇంత గొప్ప విద్యని ఖాతరు చెయ్యని మనిషి ఒక్కడున్నాడు. దురదృష్టం కొద్దీ అతనే ఆయన అల్లుడు.

అల్లుడు ప్రసన్నకుమార్‌కి పెనుగొండలో గుడికెళ్లే దారిలో వెండి సామాన్ల కొట్టు ఉంది. ఏసీ ఉంది, అద్దాల తలుపు ఉంది, తలుపు పక్కన కుర్చీ ఉంది. ఆ కుర్చీలో కూర్చుని వచ్చినవాళ్లకి నమస్కారం పెట్టే పెద్దమనిషి ఒక్కడే లేడు. పోయిన వేసవిలో ఒకరోజు అతను కారేసుకుని షెడ్డుకే వచ్చేశాడు.

"మావయ్య గారూ, ఈ మసిలో ఇంకెన్నాళ్లండి. మా కొట్లో వచ్చి కూర్చోండి. పనేం ఉండదు. రండి రండి అంటే చాలు."

"దానికి చిలకని పెట్టుకోండి అల్లుడు గారూ. జాంపండు ముక్క పడేస్తే రోజంతా అంటది."

అల్లుడికి కాఫీ పట్టుకుని ఇంటి నుంచి వచ్చిన వీరబ్రహ్మం గారి భార్య పాపాయమ్మ గారు అక్కడే నిలబడి విన్నారు. "అల్లుడు గారు మీ మంచికే చెప్తన్నారండి. మీరు ముట్టుకున్న మంచినీళ్ల గ్లాసు కూడా పెట్రోలు కంపు కొడతంది."

ఇద్దరూ ఒకవైపు చేరేసరికి వీరబ్రహ్మం గారు స్క్రూడ్రైవర్ కింద పెట్టారు. "సరేనండి. ఒక మాటనుకుందాం. ఒకే బండి, ఒకే జబ్బుతో, నా దగ్గరికి మూడుసార్లు వచ్చిందంటే నాకు చెవి పోయినట్టే. ఆ వచ్చే ఆదివారం షెడ్డుకి తాళం వేసి మీ కుర్చీలో ఉంటాను. ఈలోగా మీరు దీని గురించి ఎత్తకూడదు."

ప్రసన్నకుమార్ వ్యాపారస్తుడు. వెంటనే టీ కొట్టు వైపు తిరిగాడు. "చంద్రరావు గారూ, విన్నారు కదండి."

"ఆయ్, విన్నానండి," అన్నాడు చంద్రరావు. అతను వినకపోవడం అనేది ఇంతవరకు జరగలేదు.

నలభై ఏళ్లలో అలాంటి బండి ఒక్కటీ రాలేదు కాబట్టి వీరబ్రహ్మం గారు ఆ రోజు హాయిగా భోంచేశారు.

మా వీధిలో సూర్యకళ గారని ఉన్నారు. పూతరేకులు చుట్టించి, పెట్టెల్లో సర్ది, రోజూ పొద్దున్నే బ్యారేజీ దాటి రాజమండ్రిలో కొట్లకి వేసొస్తారు. అదీ వాళ్ల నాన్నగారి పాత మోటార్‌సైకిల్ మీద. "స్కూటీ కొనుక్కోవచ్చుగా" అని అడిగినవాళ్లకి, "ఆరు పెట్టెలు వెనక కడితే దాని ముందు చక్రం లేస్తది, మీరొచ్చి హేండిలు మీద కూర్చుంటారా" అని అడుగుతారావిడ. బండికి మామూలు సెట్టింగ్ జూన్‌లో వీరబ్రహ్మం గారే చేశారు. నెల తిరక్కుండా తేడా మొదలైంది.

"బాబాయ్ గారూ, రాజమండ్రి సిగ్నల్ దగ్గర ఆగితే దానంతటదే రేజ్ అయిపోతంది," అని చెప్పారావిడ మొదటిసారి వచ్చినప్పుడు. "కాసేపటికి నీరసించిపోయి ఆగిపోతంది. ట్యాంకు నిండుగా పోయించిన రోజు మరీనండి. ఇంకోటి, మధ్యలో ఎక్కడైనా మూత తీస్తే ఉస్సుమని..."

"ఆగమ్మా. జబ్బు బండిని చెప్పనీ."

బండి ఏమీ చెప్పలేదు. ఆవిడ ఇల్లు రెండు వీధుల అవతల. అంత దూరానికి ఏ జబ్బూ బయటపడదు. వీరబ్రహ్మం గారు మూత తీసి వాసన చూశారు, ప్లగ్గు మార్చారు, చెవి పెట్టి విన్నారు, స్క్రూ తిప్పారు. బండి పెళ్లిచూపులకి కూర్చున్న పిల్లలాగా బుద్ధిగా కొట్టుకుంది. గుడి దాకా వెళ్లొచ్చారు. బొట్టు పెట్టారు. పంపేశారు.

పది రోజులకి మళ్లీ వచ్చింది.

ఈసారి కార్బ్యురేటర్ విప్పి, ఐడిలింగ్‌కి పెట్రోలు వచ్చే సన్నటి జెట్టుని రాగి తీగ పోగుతో శుభ్రం చేశారు. కార్బ్యురేటర్‌కీ ఇంజనుకీ మధ్యనుండే రబ్బరు పగిలి గాలి లాగేస్తోందేమోనని నేనన్నాను. నేను ఫోన్లో చూసిన రెండు వీడియోల్లో అదే చెప్పారు. ఆయన నావైపు జాలిగా చూసి, ఆ రబ్బరు మీద నీళ్లు చిలకరించి, ఇంజను తీరు మారలేదని చూపించి, "అయ్యిందా" అన్నారు. అయ్యింది.

"బాబాయ్ గారూ, మూత తీస్తే ఉస్సుమంటంది, అది కూడా ఒకసారి..." అన్నారు సూర్యకళ గారు.

"పెట్రోలు నేను వాసన చూశానమ్మా. మంచిదే."

"వాసన కాదండి, చప్పుడు."

"చప్పుళ్ల సంగతి నాకొదిలేయ్."

ఇంజను లోపల వాల్వు ఆవలిస్తే ఇక్కడ వినిపించే చెవి అది. రెండడుగుల దూరంలో నిలబడి ఆడమనిషి తెలుగులో చెప్పింది మాత్రం దానికి ఎక్కలేదు. మళ్లీ గుడి దాకా రౌండు, మళ్లీ బొట్టు. ఈసారి జబ్బు మీద కసితో కాస్త గట్టిగానే నొక్కారు.

రెండోసారి వచ్చిందన్న కబురు ఆ సాయంత్రమే పెనుగొండ చేరింది. ఎవరు చేరవేశారో చంద్రరావుని అడగక్కర్లేదు. ప్రసన్నకుమార్ ఏమీ ఎత్తలేదు, మాట మీద నిలబడ్డాడు. కుర్చీకి మెత్త మాత్రం కుట్టించాడు. పాపాయమ్మ గారు పెనుగొండలో అద్దె ఇళ్లు ఎలా ఉంటాయని మా అమ్మని రెండుసార్లు అడిగారు. వీరబ్రహ్మం గారు టీకి రావడం తగ్గించేశారు. షెడ్డులో కూర్చుని, రోడ్డు మీద ఏ పాత బండి వినపడినా తల పైకెత్తేవారు. అది సూర్యకళ గారిది కాదని తెలిశాక తల దించేవారు.

సెప్టెంబరులో ఒక బుధవారం పొద్దున్న తల దించలేదు.

"మూడు," అన్నాడు చంద్రరావు, గ్లాసు కడుగుతూనే.

వీరబ్రహ్మం గారు లేచి, అరవై రెండేళ్ల మనిషి పరిగెత్తకూడనంత వేగంగా షెడ్డు ముందున్న కాలవ గట్టు రోడ్డు మీదకి వెళ్లి, రెండు చేతులూ అడ్డం పెట్టారు. "అమ్మా, అక్కడే ఆపు. షెడ్డులోకి తేకు."

"ఏంటండీ, మైలా?"

"లోపలికొస్తే వచ్చినట్టు. అక్కడుంటే రానట్టు."

"గట్టు కూడా మీదేగా గురూగారూ," అన్నాడు చంద్రరావు.

"గట్టు ఇరిగేషన్ వాళ్లది. నువ్వు నోర్ముయ్."

ఆయన స్క్రూడ్రైవర్ తెచ్చి రోడ్డు మీదే వంగబోయారు. సూర్యకళ గారు తాళం తీసి చేతిలో పెట్టుకున్నారు. "ఇక్కడ ఎన్నిసార్లు విన్నా ఇంతేనండి. ఇక్కడ ఇది బాగానే ఉంటది. నా వెనక ఎక్కండి. రాజమండ్రి దాకా రండి. చెప్తే ఎలాగూ వినరు, చూపిస్తాను."

నలభై ఏళ్లలో ఆయన ఏ బండినీ గుడి దాటించి చూడలేదు. గుడి దాటితే జబ్బు బండిది కాదు, రోడ్డుది అనేవారు. ఈసారి ఆదివారం ఇంకా నాలుగు రోజుల దూరంలో ఉంది. ఎక్కారు. వెనక పెట్టెలున్నాయి కాబట్టి ఒకదాని కట్టు విప్పి ఆయన ఒళ్లో పెట్టారు. ఒక చేత్తో పూతరేకుల పెట్టె, ఇంకో చేత్తో స్క్రూడ్రైవర్ పట్టుకుని, మండలంలోకెల్లా గొప్ప చెవి రాజమండ్రి బయల్దేరింది. నేను నా బండి మీద వెనకాలే వెళ్లాను. ఇలాంటివి ఏ వీడియోలోనూ రావు.

ముందు బంకులో ట్యాంకు నిండా పోయించారావిడ. బొబ్బర్లంక దాకా ఏమీ లేదు. వీరబ్రహ్మం గారి భుజాలు కాస్త నిటారయ్యాయి. బ్యారేజీ ఎక్కి సగం దాటాక ముందు ఇసుక లారీ ఆగింది, వెనక అందరం ఆగాం. సూర్యకళ గారు యాక్సిలరేటర్ పూర్తిగా వదిలేశారు. ఇంజను ఒక క్షణం నెమ్మదిగా కొట్టుకుంది. తర్వాత ఎవరూ ముట్టుకోకుండానే గొంతు పెంచింది. పెంచి, పెంచి, ఉన్నట్టుండి నీరసించింది. మళ్లీ లేచింది. మళ్లీ వాలింది. ఆయన దిగి, పెట్టె నా చేతికిచ్చి, స్క్రూడ్రైవర్ ఇంజనుకి ఆనించి, గోదావరి గాలిలో కళ్లు మూసుకున్నారు. ఆయన మొహం చూస్తే ఏ ముక్కా అర్థం కావట్లేదని నాకే అర్థమైంది.

"ఇప్పుడు చూడండి," అని సూర్యకళ గారు ట్యాంకుకి వేరేగా ఉన్న తాళంచెవి తిప్పి మూత తీశారు.

ఉస్సుమంది. చిన్నదేం కాదు, నీళ్లలో మునిగినవాడు పైకొచ్చి పీల్చిన ఊపిరంత. పది లెక్కపెట్టేలోపు ఇంజను ఒక తీరున కొట్టుకోవడం మొదలెట్టింది. గుడి దాకా వెళ్లొచ్చినప్పుడు కూడా అంత బాగా కొట్టుకోలేదు.

"దీన్నేనండి నేను జులై నుంచి చెప్తంది."

సంగతి చాలా చిన్నది. ట్యాంకులోంచి పెట్రోలు కిందికి దిగాలంటే పైనుంచి గాలి లోపలికి పోవాలి. దానికోసమే మూతలో తాళం పక్కన గుండుసూది మొనంత కన్నం ఉంటుంది. అది మూసుకుపోతే కొంతదూరం వెళ్లాక పెట్రోలు దిగడం తగ్గిపోతుంది, ఇంజనుకి ఆకలేస్తుంది. ట్యాంకు నిండుగా ఉంటే లోపల గాలి తక్కువ కాబట్టి ఇంకా ముందే వేస్తుంది. మూత తీస్తే సర్దుకుంటుంది. జబ్బు చూడ్డానికి వీరబ్రహ్మం గారు ముందుగా చేసే పని మూత తియ్యడమే. అంటే వచ్చిన ప్రతిసారీ మందు వేసేసి, ఆ తర్వాత రోగం కోసం వెతికారన్నమాట.

ఆయన మూత చేతిలోకి తీసుకుని దగ్గరగా పెట్టి చూశారు. చూపు ఆనకపోయినా అది కనిపించింది. కన్నం ఉండాల్సిన చోట ఎర్రగా, నిగనిగలాడుతూ, మూడు పొరలుగా, రూపాయి బిళ్లంత మందాన ఒక ముద్ద ఉంది. రిజిస్ట్రారాఫీసు కాగితం మీద వేసినంత స్పష్టంగా దాని మీద ఆయన బొటనవేలి ముద్ర.

వెనక హారన్లు మోగుతున్నాయి. సూర్యకళ గారు గోటితో గీకి చూశారు, రాలేదు. "ఏం కలుపుతారు బాబాయ్ గారూ దీంట్లో?"

"కుంకం."

"కుంకం ఇలా ఉండదండి."

ఆయన గోదావరి వైపు తిరిగారు. "గాస్కెట్ గమ్మమ్మా."

"బొట్టులోనా?"

"వానకి చెరిగిపోతందని. పోయినేడాది నుంచీ."

ఇంజను అతుకుల్లోంచి చుక్క నూనె, చెంచాడు గాలి కూడా బయటికి రాకుండా పూసే బంక అది. చేసే పని ఎక్కడైనా ఒకటే కదా, మూత మీద కూడా నిజాయితీగానే చేసింది.

సూర్యకళ గారు చున్నీకి పెట్టుకున్న పిన్నీసు తీసి, ఆ కన్నంలో పొడిచి తిప్పారు. ఎర్రటి రవ్వ ఊడి కింద పడింది. మూత పెట్టేశారు. రాజమండ్రి వెళ్లాం, నాలుగు సిగ్నళ్ల దగ్గర ఆగాం, పెట్టెలు దించాం, తిరిగొచ్చాం. బండి ఒక్కసారి కూడా గొంతెత్తలేదు. వీరబ్రహ్మం గారు కూడా.

ఆత్రేయపురంలో దిగేటప్పుడు ఆవిడే అన్నారు, "నేనెవరికీ చెప్పనండి. ఈ అబ్బాయి కూడా చెప్పడు. బండి షెడ్డులోకి రాలేదు కాబట్టి మీ లెక్క ప్రకారం ఇది రెండోసారే."

తల ఊపితే సరిపోయేది. చంద్రరావు టీ కొట్టులోంచి మెడ సాచి చూస్తున్నాడు. జెట్టులో నలకుందని చెప్పేస్తే జన్మలో ఎవరికీ తెలిసేది కాదు, మెత్త కుట్టించిన కుర్చీ అలాగే ఖాళీగా ఉండిపోయేది. వీరబ్రహ్మం గారు పెట్టె మోసిన చెయ్యి నిమురుకున్నారు. తర్వాత తిన్నగా టీ కొట్టు దగ్గరికి నడిచారు.

"చంద్రరావూ, మూడు. జబ్బు బండిది కాదు, నాది. బొట్టుతో మూత కన్నం మూసేశాను."

చంద్రరావు గ్లాసు కింద పెట్టేశాడు. కబురు తనకంటే ముందే వచ్చేయడం అతనికి అలవాటు లేదు.

అక్కడే నిలబడి అల్లుడికి ఫోన్ చేశారు. అందరికీ వినపడేలా స్పీకర్ పెట్టారు. పెట్టుకోవాలని కాదు, తియ్యడం రాదు.

"అల్లుడు గారూ, మూడోసారి వచ్చిందండి. మాట తప్పను, మీ కుర్చీలో కూర్చుంటాను."

"చాలా సంతోషమండి మావయ్య గారూ. ఆదివారం కారు తెస్తాను."

"తెండి. అయితే పోయినేడాది వానాకాలం నుంచి బొట్టు పెట్టిన బళ్లన్నీ ఊళ్ల మీద తిరుగుతున్నాయండి. రోజూ వందేసి రూపాయలు పోయించుకునేవాళ్లు మూత తీస్తానే ఉంటారు కాబట్టి వాళ్లకింకా తెలీలేదు. ఏదో ఒకరోజు ఎవడో ఒకడు నిండుగా పోయించుకుని లారీ ముందు ఆగిపోతాడు. అవన్నీ గీకేసి వస్తాను."

"ఎన్నుంటాయండి?"

"లెక్కెక్కడుందండి. చప్పుడు వింటే గుర్తుపడతాను."

పెద్ద పెద్ద కంపెనీలు తప్పు జరిగిందని కార్లు వెనక్కి పిలిపిస్తాయి, పేపర్లో ప్రకటన ఇస్తాయి. వీరబ్రహ్మం గారు జేబులో నాలుగు పిన్నీసులు వేసుకుని సైకిలెక్కారు. గురువారం తొమ్మిది బళ్లు గీకారు. అలా గీకితే మిగతావన్నీ పది రోజుల్లో తేలిపోయేవే. కానీ మర్నాడు శుక్రవారం. బండికి బొట్టు తీసేస్తానని వచ్చిన మనిషిని శుక్రవారం పూట ఏ ఇల్లాలు గుమ్మం ఎక్కనిస్తుంది? శనివారం నాలుగిళ్లలో వినాయకచవితి అనో, మైల అనో పొమ్మన్నారు. ఒకాయన, ఆ బొట్టు పెట్టాకే తనకి కొడుకు పుట్టాడని, కావాలంటే బండి మార్చుకుంటాను కానీ మూత ముట్టుకోనివ్వనని చెప్పేశాడు.

ఆదివారం ప్రసన్నకుమార్ చెప్పినట్టే కారు తెచ్చాడు. షెడ్డు మూసి ఉండటం చూసి ఎంతో సంతోషించాడు. సామాను సర్దేశారేమోనని ఇంటికి వెళ్లాడు. పాపాయమ్మ గారు సర్దిన పెట్టెల మధ్య కూర్చుని ఉన్నారు. "పక్కూరు ర్యాలి వెళ్లారండి, పల్లంరాజు గారి బండి గీకడానికి" అన్నారు. నన్ను దారి చూపించమన్నాడు. ఏసీ కారు కాబట్టి చూపించాను.

ర్యాలిలో ఆ ఇంటి అరుగు ముందు పాత బండి స్టాండు వేసి ఉంది. దానికి ఒకవైపు వీరబ్రహ్మం గారు పిన్నీసుతో నిలబడ్డారు. రెండోవైపు పల్లంరాజు గారి తల్లి బుజ్జమ్మ గారు మూత మీద అరచెయ్యి కప్పి నిలబడ్డారు.

"ఆదివారమే కదండీ, దోషం లేదు" అంటున్నారీయన.

"ఆదివారమైతే మాత్రం? వచ్చే నెల మనవరాలి పెళ్లి పెట్టుకుని, ఇంట్లో బండికి బొట్టు తియ్యనిస్తానా నేను? పెళ్లయ్యాక రా నాయనా."

"తీసి హెడ్‌లైటు మీద పెడతానండి. ఉత్త కుంకంతోనే."

"పెడతావు, మొదటి వానకి పోతది. పోదనేగా నువ్వే చెప్పావు."

ప్రసన్నకుమార్ వాచీ చూసుకున్నాడు. "మావయ్య గారూ, ఇది పెళ్లయ్యేదాకా అవ్వదండి. మిగిలినవి త్వరగా..."

ఆయన వేలెత్తి ఆగమన్నారు. మెయిన్ రోడ్డు మీద వంతెన దగ్గర ఏదో పాత బండి ఆగినట్టుంది. గొంతు పెంచింది, నీరసించింది, మళ్లీ పెంచింది. వీరబ్రహ్మం గారు కళ్లు మూసుకున్నారు.

"నాదే," అన్నారు కళ్లు తెరిచి. "అంకంపాలెం వైపు తిరుగుతున్నాడు. కారు తియ్యండి అల్లుడు గారూ."